ముందు వోల్టులు చూడండి, ఆ తర్వాతే ఎవరినైనా అనండి

గుంటూరు నుంచి ఒక ఉపాధ్యాయిని రాసిన ఉత్తరం ఇది. పేరు, వీధి వేయవద్దని కోరారు. ఉత్తరం అయిదు పేజీలుంది కాబట్టి అవసరమైనంత మేరకే ఇక్కడ చెబుతున్నాను.

ఆమెది అయిదేళ్ల కిందట కొన్న చిన్న పెట్రోలు కారు, చేత్తో గేర్లు వేసే రకం. బ్యాటరీ కారుతో వచ్చినదే, ఇంతవరకు మార్చలేదు. ఇంటి నుంచి బడికి 18 కిలోమీటర్లు. అందులో చాలా భాగం చిలకలూరిపేట వైపు వెళ్లే జాతీయ రహదారి మీదే. ఏప్రిల్ 24న సెలవులు మొదలవగానే కూతురి పురుటికని భార్యాభర్తలు పుణె వెళ్లారు. కారు అపార్ట్‌మెంటు సెల్లారులో ఉండిపోయింది. జూన్ 12న, బడి తెరిచే రోజు ఉదయం, కిందికి వెళ్లి రిమోట్ నొక్కితే తలుపు తెరుచుకోలేదు. తాళంచెవితో తెరిచి ఇగ్నిషన్ తిప్పితే మీటర్ బోర్డు మీద లైట్లు మసకగా వెలిగి ఆరిపోయాయి. సెల్ఫ్ చప్పుడే లేదు.

పై అంతస్తులో ఉండే ఇంజినీరింగ్ విద్యార్థి తన తండ్రి కారును పక్కకు తెచ్చి, రెండు కార్ల బ్యాటరీలనూ కలిపే జంపర్ కేబుళ్లు తగిలించి స్టార్ట్ చేసి పెట్టాడు. పావుగంట సేపు నడవనివ్వమని చెప్పి వెళ్లిపోయాడు. ఆ రోజు బడికి వేళకే చేరారు. కష్టాలు ఆ సాయంత్రం నుంచి మొదలయ్యాయి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లైటు, స్టీరింగు లైటు వెలిగి ఆరడం లేదు. చెక్ ఇంజిన్ లైటు ఒక రోజు ఉంటుంది, ఒక రోజు ఉండదు. సిగ్నల్ దగ్గర ఏసీతో నిలబడితే ఇంజిన్ వణికి ఆగిపోతోంది. డ్రైవరు వైపు అద్దం ఒక్క నొక్కుతో పైకి వెళ్లేది ఇప్పుడు వెళ్లడం లేదు. గడియారం రోజూ మొదటికి వస్తోంది.

వీధి చివర మెకానిక్ ఇంజిన్ నడుస్తుండగానే బ్యాటరీ వైరు పీకి చూశాడు. ఇంజిన్ ఆగలేదు కాబట్టి బ్యాటరీని చార్జి చేసే డైనమో బాగానే ఉందనీ, జంపర్ తప్పుగా పెట్టడం వల్ల ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు, అంటే ఈసీయూ, కాలిపోయిందనీ, 42,000 రూపాయలు అవుతుందనీ తేల్చాడు. సర్వీస్ సెంటర్లో ఎలుక కొరికిన గుర్తు కనబడిందని చెప్పి మొత్తం వైరింగ్ మార్చాలన్నారు. 65,000 రూపాయలు, రెండు వారాలు. ఈమె భర్త మెకానిక్ మాట పట్టుకుని, ఈసీయూ ఖర్చులో సగం ఇవ్వమని ఆ అబ్బాయి తండ్రిని అడిగారు. పదకొండేళ్లుగా వండుకున్నది పంచుకు తిన్న రెండు ఇళ్ల మధ్య ఇప్పుడు మాటల్లేవు. ‘ఈసీయూ మార్చమంటారా, వైరింగ్ మార్చమంటారా? తప్పు ఆ పిల్లవాడిదేనా? ఈ కారుతో హైవే ఎక్కవచ్చా?’ అని అడుగుతున్నారు.

అమ్మా,

మీ ఉత్తరం మూడో పేజీలో గడియారం సంగతి రాసి, పక్కనే ‘అది చిన్న విషయంలెండి’ అన్నారు. నాకు మొత్తం ఉత్తరంలో అన్నిటికంటే ఎక్కువగా పనికివచ్చిన వాక్యం అదే.

మీ కారులో కనిపిస్తున్నవి రెండు రకాల బాధలు. ఒక్కసారి పోయి అలాగే ఉండిపోయినవి కొన్ని, రోజూ కొత్తగా పోతున్నవి కొన్ని. అద్దం ఒక్క నొక్కుతో పైకి వెళ్లకపోవడం మొదటి రకం. జూన్ 12న కరెంటు పూర్తిగా పోయినప్పుడు కారు మరిచిపోయింది, మళ్లీ ఎవరూ నేర్పలేదు, అంతే. గడియారం రెండో రకం. ఒక్కసారి సరిచేశాక కూడా అది మళ్లీ మొదటికి వస్తోందంటే, కరెంటు పోవడం ఆ రోజుతో ఆగలేదన్నమాట. ఇవాళ కూడా, రోజుకు కనీసం ఒకసారి, మీ కారుకు చాలినంత వోల్టేజీ అందడం లేదు. అది ఎక్కువగా జరిగేది మీరు తాళం తిప్పి సెల్ఫ్ కొట్టే ఆ ఒకటి రెండు సెకన్లలో. చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ మోటారు కూడా ఆ క్షణంలో నూరు ఆంపియర్లకు పైగా లాగుతుంది. మంచి బ్యాటరీ ఆ బరువుకు పది వోల్టుల దాకా దిగి లేస్తుంది. నీరసించిన బ్యాటరీ, లేదా పట్టు వదులైన టెర్మినల్ (బ్యాటరీకి వైరు బిగించే చోటు), ఇంకా చాలా కిందికి పడిపోతుంది. సెల్ఫ్ ఎలాగో తిరుగుతుంది గాని గడియారానికీ రేడియోకూ జ్ఞాపకం పోతుంది.

అందుకని నా మొదటి మాట: ఈసీయూ గురించీ వైరింగ్ గురించీ ఇప్పుడే ఏమీ నిర్ణయించకండి. కారులో కరెంటు తక్కువగా ఉన్నంతసేపు అది చూపించే ఏ లైటునూ నమ్మి డబ్బు పెట్టలేం. స్టీరింగుకు సాయం చేసే మోటారు, బండి నిలబడి ఉండగా చక్రం తిప్పితే, పదుల ఆంపియర్లు అడుగుతుంది. అంత అందకపోతే ఆ మోటారు తనను తాను కాపాడుకోవడానికి పని తగ్గించుకుని లైటు వెలిగిస్తుంది. ఏబీఎస్ కూడా అంతే. దానికి కావలసిన వోల్టేజీ లేనప్పుడు ‘నేను పనిచేయలేను’ అని ముందే చెబుతుంది. అది చెడిపోయిందని దానర్థం కాదు.

ఇప్పుడు, ఏప్రిల్ 24 నుంచి జూన్ 12 దాకా కారు కదలకుండా ఉన్న 49 రోజుల లెక్క చూద్దాం. మీవారూ మీరూ కలిసి ఒక కాగితం మీద వేసి చూడండి. కారు తాళం వేసి వదిలేసినా అలారం, రిమోట్ వినే పరికరం, కంప్యూటర్ల జ్ఞాపకం, ఇవన్నీ కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి. మంచి స్థితిలో ఉన్న కారులో ఇది 50 మిల్లీ ఆంపియర్లకు లోపు ఉండాలి. మీ కారులో 30 అనుకుందాం. రోజుకు 24 గంటలు, 49 రోజులు. గుణిస్తే 35 ఆంపియర్-గంటలు దాటుతుంది. చిన్న పెట్రోలు కార్లలో ఉండే బ్యాటరీ సామర్థ్యం చాలావరకు అంతే, 35. అంటే ఏ లోపమూ లేని కారు, కొత్త బ్యాటరీతో ఉన్నా, ఆ సెలవుల తర్వాత స్టార్ట్ కాకపోవడమే సహజం. మీది అయిదేళ్ల బ్యాటరీ. పైగా కిందటి దసరాకు మీవారు ముందు అద్దానికి కెమెరా బిగించారని రాశారు. బండి ఆగి ఉన్నప్పుడు కూడా కాపలా కాసే ఏర్పాటు దానికి ఉండి, అది ఆన్ చేసి ఉంటే, ఒక్క ఆ కెమెరాయే 200, 300 మిల్లీ ఆంపియర్లు తాగగలదు. అప్పుడు బ్యాటరీ నెలన్నర కాదు, వారం కూడా ఆగదు. దాని వైరు ఎక్కడి నుంచి తీశారో తప్పకుండా చూడండి. ఫ్యూజు పెట్టెలో తాళం తీసినా కరెంటు ఉండే చోటు నుంచి తీసి ఉంటే, తాళం తీయగానే ఆగిపోయే చోటుకు మార్పించండి. అరగంట పని.

బ్యాటరీ ఒకసారి అంత లోతుకు దిగి, వారాల తరబడి అలాగే ఉండిపోతే లోపలి సీసపు పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత చార్జి చేసినా పాత సత్తువ పూర్తిగా రాదు. ఎండ కూడా బ్యాటరీకి శత్రువే. గుంటూరు వేసవుల్లో మూడు నాలుగేళ్లు పనిచేస్తే ఆ బ్యాటరీ మంచిగా బతికినట్లే లెక్క. మీది అయిదేళ్లు లాగింది.

ఆ అబ్బాయి చెప్పినట్లు పావుగంట సేపు నిలబెట్టి నడపడం వల్ల ఒరిగింది చాలా తక్కువ. మన మెకానిక్‌లు డైనమో అనే ఆల్టర్నేటర్ ఉన్నది నిండుగా ఉన్న బ్యాటరీని నిండుగా ఉంచడానికి. పూర్తిగా ఎండిపోయినదాన్ని నింపడం దాని పని కాదు. ఆ మర్నాటి నుంచి మీరు రోజూ ఏసీ, లైట్లు, బ్లోయరు వేసుకుని తిరుగుతుంటే, సగానికి సగం ఖాళీగా ఉన్న బ్యాటరీతోనే నెట్టుకొస్తున్నారు.

ఇప్పుడు చేయవలసిన పని చెబుతాను. ఎలక్ట్రికల్ సామాను కొట్లో మల్టీమీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. దాని చక్రాన్ని డీసీ వోల్టుల్లో 20 అని రాసి ఉన్న చోట పెట్టండి. రాత్రి కారు ఆపి తాళం వేసేయండి. తెల్లవారి, తలుపు కూడా తీయకముందే బానెట్ ఎత్తగలిగితే ఇంకా మంచిది, ఎర్ర పుల్లను బ్యాటరీ ప్లస్‌కు, నల్ల పుల్లను మైనస్‌కు ఆనించండి. 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్లు. 12.2 అంటే సగం. 12 కంటే తక్కువైతే, బ్యాటరీ ఇంచుమించు ఖాళీ. మీ కారులో ఈ సంఖ్య 12.2కు దిగువనే ఉంటుందని నా అంచనా. అయినా నా అంచనా మీదా ఆధారపడకండి, మీటరు చూడండి.

తర్వాత ఎవరినైనా స్టార్ట్ చేయమని చెప్పి, మీరు మీటరు మీదే కన్ను ఉంచండి. సెల్ఫ్ తిరిగే ఆ క్షణంలో 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ నమ్మదగినది కాదు. ఇంజిన్ అందుకున్నాక 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. అలా వస్తే డైనమో బాగుంది, ఆ సంగతి అక్కడితో వదిలేయవచ్చు. 13 కూడా దాటకపోతే డైనమో వైపు చూడాలి. 15 దాటిపోతుంటే వెంటనే ఇంజిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి, ఎందుకంటే ఎక్కువ వోల్టేజీ తక్కువ వోల్టేజీ కంటే ప్రమాదం.

ఇంకొక్క పరీక్ష ఉంది. చాలామంది చేయరు. నేను మాత్రం ఇది చేయకుండా ఏ సామానూ మార్చమని చెప్పను. బ్యాటరీ మీద పైకి పొడుచుకు వచ్చే సీసపు మేకు ఒకటి, దాన్ని చుట్టి పట్టుకునే ఇత్తడి పట్టీ ఒకటి, రెండూ వేరు వేరు. ఒక పుల్లను ఆ మేకు మీద, రెండోదాన్ని అదే వైపు పట్టీ మీద ఆనించి సెల్ఫ్ కొట్టించండి. రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటే మీటరు దాదాపు సున్నా చూపిస్తుంది. అర వోల్టు, ఒక వోల్టు కనిపిస్తే, కంటికి బిగుతుగా కనిపించే ఆ పట్టీ లోపల తెల్లటి పొడి పేరుకుని కరెంటును అడ్డుకుంటోందన్నమాట. అలాగే ఒక పుల్ల బ్యాటరీ మైనస్ మేకు మీద, రెండోది ఇంజిన్ మీద రంగు లేని ఇనుప భాగం మీద పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి చూడండి. అయిదో వంతు వోల్టు, అంటే 0.2 దాటితే ఎర్త్ వైరు, అంటే బ్యాటరీ మైనస్‌ను ఇంజిన్‌కూ బాడీకీ కలిపే వైరు, బాగాలేదు. పుల్లలు ఫ్యానుకూ బెల్టుకూ తగలకుండా చూసుకోండి, చీర కొంగో చున్నీయో దూరంగా ఉండాలి.

ఈ ఎర్త్ సంగతి నాకు మనసులో గుచ్చుకుని ఉండిపోయింది. పని నేర్చుకున్న మొదటి రోజుల్లో ఒక టాక్సీ డ్రైవరు కారుకు డైనమో మార్చాను. వారం తిరక్కుండా అదే బాధతో మళ్లీ వచ్చాడు. గేర్‌బాక్సు దగ్గర ఎర్త్ బోల్టు తుప్పు పట్టి ఉంది. ఉప్పుకాగితంతో రుద్ది బిగిస్తే సరిపోయింది. డైనమో డబ్బు తిరిగి ఇచ్చేశాను గాని, ఆయన పోగొట్టుకున్న ఆ వారం కిరాయిలు ఎవరు ఇస్తారు? అప్పటి నుంచి కొలవకుండా ఏదీ విప్పలేదు.

టెర్మినల్ శుభ్రం చేసుకోవడం మీరే చేయగలరు. 10 నంబరు పానాతో ముందు నల్లది, అంటే మైనస్, విప్పండి. ఆ తర్వాతే ఎర్రది. ఈ వరస తప్పకూడదు. మైనస్ ఇంకా బిగించి ఉండగా ప్లస్ విప్పబోయి పానా కారు బాడీకి తగిలిందంటే నిప్పురవ్వలు లేస్తాయి, చెయ్యి కాలుతుంది. గోరువెచ్చని నీళ్లలో వంట సోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఆ తెల్లటి పొడి బుసబుస పొంగి కరిగిపోతుంది. తుడిచి పూర్తిగా ఆరనిచ్చి, ముందు ఎర్రది, చివర నల్లది బిగించి, పైన కొద్దిగా వాసెలిన్ రాయండి. చేత్తో తిప్పి చూస్తే పట్టీ కొంచెం కూడా కదలకూడదు. అంతకుముందు రేడియోకు రహస్య సంఖ్య ఏదైనా ఉందేమో కారు కాగితాల్లో చూసి దగ్గర పెట్టుకోండి.

ఇక సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోవడం. మీ మెకానిక్ ఈసీయూ పోయిందనడానికి ఇదే పెద్ద ఆధారమని రాశారు. నాకు అలా అనిపించడం లేదు. కాలిపోయిన ఈసీయూతో ఇంజిన్ సాధారణంగా స్టార్టే కాదు. మీరు రోజూ 36 కిలోమీటర్లు తిరుగుతున్నారు. అసలు జరిగేది ఇంకొకటి. గాలి లోపలికి వెళ్లే దారిలో థ్రాటిల్ బాడీ అని ఒకటుంది, అందులో ఒక పలక తలుపులా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కనప్పుడు కూడా ఇంజిన్ ఊపిరి తీసుకోవడానికి అది సన్నటి సందు వదిలి ఉంచుతుంది. అయిదేళ్లలో ఆ అంచున మసి పేరుకుని సందు మూసుకుపోతూ వస్తుంది. ఈసీయూ ఇది గమనించి, పలకను రోజురోజుకూ వెంట్రుకవాసి ఎక్కువ తెరుస్తూ సర్దుకుంటుంది. అందుకే మీకు ఇన్నాళ్లూ తేడా తెలియలేదు. జూన్ 12న ఆ సర్దుబాటు జ్ఞాపకం తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు ఈసీయూ పలకను ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఉన్నంతే తెరుస్తోంది. మసి మాత్రం అయిదేళ్లది. ఊపిరి చాలక, పైన ఏసీ బరువు పడగానే ఇంజిన్ కూలబడుతోంది.

దీనికి మందు థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించి, మళ్లీ ఐడ్లింగ్ నేర్పించడం. కొన్ని మోడళ్లలో ఇగ్నిషన్ ఆన్ చేసి యాక్సిలరేటర్ తాకకుండా కొన్ని సెకన్లు ఉంచి, స్టార్ట్ చేసి, ఏసీ లేకుండా కాసేపు, ఏసీతో కాసేపు నిలబెడితే చాలు. కొన్నింటికి స్కానర్‌తోనే చేయాలి. మీ మోడల్‌కు ఏది కావాలో సర్వీస్ సెంటర్లో చెబుతారు. ఈ పని బ్యాటరీ బాగైన తర్వాతే చేయించండి. తక్కువ వోల్టేజీలో నేర్పితే మళ్లీ పోతుంది.

డ్రైవరు అద్దానికి నిమిషం చాలు. పూర్తిగా పైకి మూసి, స్విచ్ వదలకుండా మూడు నాలుగు సెకన్లు అలాగే లాగి పట్టుకోండి. ఎక్కువ కార్లకు ఇది సరిపోతుంది. చేతులు నలగకుండా ఆపే రక్షణకు పైన ఎక్కడ ఆగాలో కొలత కావాలి, అది మళ్లీ రాసుకుంటుంది. స్టీరింగు లైటు కూడా, బ్యాటరీ కుదుటపడ్డాక, చక్రాన్ని ఒక కొస నుంచి రెండో కొస దాకా తిప్పి కొంత దూరం తిన్నగా నడిపితే చాలా కార్లలో ఆరిపోతుంది.

సర్వీస్ సెంటర్లో స్కానింగ్ చేశారు గాని కాగితం ఇవ్వలేదని రాశారు. అడగండి. అది మీ హక్కు. అందులో పి 0562 అని ఉంటే వోల్టేజీ తగ్గిందని అర్థం. ‘యు’ అక్షరంతో మొదలయ్యేవి కనిపిస్తే భయపడకండి. కారులోని కంప్యూటర్లన్నీ మెలివేసిన ఒక జత వైర్ల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. 1986లో బాష్ సంస్థ లోకానికి చూపిన పద్ధతి ఇది. సెల్ఫ్ కొట్టే వేళ వోల్టేజీ చాలక ఒక కంప్యూటరు మూగబోతే, మిగతావన్నీ ‘ఫలానాది పలకడం లేదు’ అని రాసి పెట్టుకుంటాయి. మరుక్షణం అది లేచినా రాసిన రాత అలాగే ఉంటుంది. ఒక్క నీరసం, పది ఫిర్యాదులు. ఆ పది ఫిర్యాదులు చూసి పది సామాన్లు మార్చమనేవాళ్లు ఉంటారు. బ్యాటరీ సరిచేసి, కోడ్లన్నీ చెరిపించి, రెండు మూడు రోజులు తిరిగి మళ్లీ స్కాన్ చేయించండి. అప్పుడు తిరిగి వచ్చినవే అసలు జబ్బులు.

ఎలుక కొరికిన మాట నిజమే కావచ్చు. సెల్లార్లలో ఆ బెడద ఉన్నదే. కాని ‘గుర్తు ఉంది’ అనడం వేరు, రాగి తీగ బయటపడటం వేరు, తీగ తెగిపోవడం వేరు. ఏ వైరు, ఎక్కడ, ఎంత మేర అన్నది ఫొటో తీసి పంపమనండి. ఒకటి రెండు చోట్లయితే మంచి ఎలక్ట్రీషియన్ అక్కడికక్కడే అతికి, సోల్డర్ చేసి, తొడుగు వేయగలడు. ఒక్క జాగ్రత్త: ఎయిర్‌బ్యాగుల వైరు జోలికి మాత్రం బయటివాళ్లను వెళ్లనివ్వకండి. మొత్తం వైరింగ్ మార్చాలంటే డ్యాష్‌బోర్డు విప్పాలి. విప్పిన క్లిప్పులు మళ్లీ అంత బిగుతుగా కూర్చోవు, గతుకుల మీద ఏడాది పొడవునా గలగలమంటుంటాయి. అవసరం రుజువైతే తప్ప ఆ దారి పట్టకండి.

మీ ముందున్న దారులు, నా లెక్కలో, ఇవి. పాత బ్యాటరీని విప్పి కొట్లో నెమ్మదిగా, మూడున్నర ఆంపియర్ల దగ్గర, ఓ పది పన్నెండు గంటలు చార్జి పెట్టించి, ఒక రాత్రి ఊరికే ఉంచి లోడ్ టెస్టు చేయించవచ్చు. ఖర్చు చాలా తక్కువ. నిలబడితే కొన్ని నెలలు గడుస్తుంది. ఎప్పుడు మళ్లీ చేతులెత్తేస్తుందో తెలియదు, హైవే మీద ఒంటరిగా వెళ్లే మీకు ఆ బెంగ మంచిది కాదు. లేదా నాలుగైదు వేలు పెట్టి కొత్తది వేయించుకోవచ్చు. పాతది తిరిగి ఇస్తే ధర కొంత తగ్గుతుంది, ఆ సీసం చెత్తలో పడకుండా సరైన చోటికీ చేరుతుంది. ఎప్పుడు తయారైందో చూసి, కొత్త సరుకే అడగండి. మీ కారు సిగ్నల్ దగ్గర దానంతటది ఆగి, క్లచ్ తొక్కగానే మళ్లీ అందుకునే రకమైతే, దానికి ప్రత్యేకమైన బ్యాటరీ ఉంటుంది. మామూలుది వేస్తే త్వరగా పోతుంది. అయిదేళ్ల బ్యాటరీ కాబట్టి మీ స్థానంలో నేనుంటే రెండో దారే ఎంచుకుంటాను. కొత్తది వేసినంత మాత్రాన కెమెరా వైరు, టెర్మినళ్లు, ఎర్త్ చూడటం మానకండి. అవి అలాగే ఉంటే కొత్తదీ అలాగే అవుతుంది. ఇదంతా అయ్యాక కూడా లైట్లు తిరిగి వస్తే, అప్పుడు వైరింగ్ వెతకాలి. ఈసీయూ అన్నిటికంటే చివరి మాట. దాన్ని మార్చితే తాళంచెవితో మళ్లీ జత కలపాలి, పాతదాన్ని తిరిగి అమ్ముకోలేరు.

ఈ వారం హైవే ఎక్కవద్దు. వేగంలో ఇంజిన్ ఆగితే స్టీరింగు ఒక్కసారిగా బరువెక్కుతుంది. బ్రేకు రెండు మూడు తొక్కుల దాకా మామూలుగా పట్టి ఆ తర్వాత రాయిలా బిగుసుకుంటుంది. వెనక లారీ ఉంటే ఆ కొన్ని సెకన్లు చాలా ఎక్కువ. బస్సులో వెళ్లండి. ఒకవేళ ఎప్పుడైనా అలా జరిగితే, క్లచ్ తొక్కి, బ్రేకు పదేపదే వదిలి తొక్కకుండా ఒకే ఒత్తిడితో పట్టి, ఎడమకు తెచ్చి ఆపండి.

ఇప్పుడు ఆ అబ్బాయి. కేబుళ్లు తారుమారైతే ఏమవుతుందో చెబుతాను, మీరే చూసి తేల్చుకోండి. క్లిప్పు తగిలించిన క్షణంలోనే పెద్ద రవ్వ, చప్పుడు. ప్లస్ టెర్మినల్ దగ్గర ఉండే మెయిన్ ఫ్యూజు ఎగిరిపోతుంది. డైనమో లోపలి డయోడ్లు కాలి చార్జింగ్ ఆగిపోతుంది, మీటర్ బోర్డు మీద ఎర్ర బ్యాటరీ గుర్తు వెలిగే ఉంటుంది. రెండో కారుకూ అలాంటి దెబ్బే తగులుతుంది. మీ ఉత్తరం ప్రకారం మీ కారు ఒక్క నిమిషంలో స్టార్ట్ అయింది, ఎర్ర గుర్తు ఆరిపోయింది, ఆ అబ్బాయి తండ్రి కారు ఇప్పటికీ హాయిగా తిరుగుతోంది. మీరు కొలిచినప్పుడు ఇంజిన్ నడుస్తూ 14 చుట్టూ వస్తే, అతను తప్పుగా తగిలించలేదనడానికి నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

నన్ను కలవరపెట్టింది మెకానిక్ చేసిన పని. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి డైనమోను పరీక్షించడం పాత అంబాసిడర్ల కాలపు అలవాటు. ఆ కార్లలో కంప్యూటర్లు లేవు. ఇప్పటి కార్లలో బ్యాటరీ అనే ఆసరా ఒక్కసారిగా తీసేస్తే వోల్టేజీ క్షణకాలం పైకి ఎగిరి, సున్నితమైన పరికరాలను కాల్చగలదు. అది కాల్చిందని నేను అనడం లేదు. ఆ లైట్లు అంతకుముందే వెలిగాయి కాబట్టి ఆయన్నూ నిందించలేం. ఇకపై మీ కారు మీద ఎవరినీ ఆ పరీక్ష చేయనివ్వకండి, మర్యాదగానే, గట్టిగా చెప్పండి.

మీవారి సంగతి రాయడానికి కొంచెం ఆలోచించాను. ఆయన దురాశతో సగం డబ్బు అడగలేదు. చేతికి 42,000 లెక్క వచ్చినప్పుడు మనిషి కారణం కోసం వెతుక్కుంటాడు, ఆ కారణం పై అంతస్తులో కనబడింది. కెమెరా బిగించింది తానేనన్న మాట కూడా ఆయన మనసులో మెదిలి ఉండవచ్చు. అందుకని ఈ ఉత్తరం ఆయన ముందు పెట్టి ‘చూశారా’ అనకండి. 49 రోజుల గుణకారం కలిసి వేయండి, మీటరు ఆయన చేతికివ్వండి. సంఖ్య ఆయన కళ్లతో ఆయనే చూడాలి.

పైకి వెళ్లవలసిందీ ఆయనే, మీరు వెంట ఉండండి. కారు పూర్తిగా బాగయ్యేదాకా ఆగవచ్చు, అప్పుడు మాట రుజువుతో చెప్పినట్లుంటుంది. కాని పది రోజులు మౌనం ఇంకా గట్టిపడుతుంది. నేనైతే మీటరు 14 చూపించిన సాయంత్రమే వెళ్తాను. డబ్బు మాట వెనక్కి తీసుకుంటున్నామని తండ్రితో ముందు చెప్పాలి. ఆ రోజు వేళకు బడికి చేరింది నీ వల్లేనని అబ్బాయితో వేరుగా చెప్పాలి. పెద్దవాళ్లు తనను దొంగలా చూశారన్న బాధ ఆ వయసులో చాలా కాలం ఉంటుంది. అబ్బాయి తల్లి వెంటనే మామూలుగా మాట్లాడకపోవచ్చు, దానికి తొందరపెట్టకండి.

బ్యాటరీ మార్చి, కోడ్లు చెరిపించి, మూడు రోజులు తిరిగాక ఏబీఎస్ లైటు ఇంకా వెలుగుతుంటే నాకు మళ్లీ రాయండి. ఉదయపు వోల్టేజీ, సెల్ఫ్ కొట్టేటప్పటిది, ఇంజిన్ నడిచేటప్పటిది, ఈ మూడు సంఖ్యలూ, స్కానింగ్ కాగితం ఫొటో జతచేయండి. చక్రం దగ్గరి సెన్సరు వైరు నుంచి మొదలుపెడదాం.